మావాడికి ఎంఐటీలో సీటొచ్చే అవకాశం ఎంత?

ప్రశ్న: మాది టెక్సస్‌లోని ఫ్రిస్కో. మా అబ్బాయి పబ్లిక్ స్కూల్లో పదకొండో తరగతి, చివరి సెమిస్టర్ నడుస్తోంది. 720 మంది ఉన్న క్లాసులో 58వ ర్యాంకు. ఎస్‌ఏటీలో 1510 వచ్చింది, మ్యాథ్స్ 770, ఇంగ్లిష్ 740. స్కూలు అయ్యేసరికి 11 ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సులు పూర్తవుతాయి. మూడేళ్లుగా ఎఫ్‌టీసీ రోబోటిక్స్ టీమ్‌లో ఉన్నాడు, ఎనిమిదేళ్లుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాడు. ఫీజు కట్టి చేర్పించిన ఒక సమ్మర్ ప్రోగ్రామ్‌లో రీసెర్చ్ పేపర్ రాశాడు. ఈ ఏడాది పాత లాప్‌టాప్‌లు సేకరించే నాన్‌ప్రాఫిట్ ఒకటి మొదలుపెట్టాడు. శనివారాలు చిన్నపిల్లలకి తెలుగు చెబుతాడు. కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్, కార్నెగీ మెలన్, బర్క్‌లీ, జార్జియా టెక్, ఇల్లినాయ్, యూటీ ఆస్టిన్ అనుకున్నాం. తప్పకుండా వస్తుందనుకునే సేఫ్టీగా పర్డ్యూ పెట్టుకున్నాం. ఒక వెబ్‌సైట్‌లో వివరాలు వేస్తే ఎంఐటీకి 18 శాతం, యూటీ కంప్యూటర్ సైన్స్‌కి 60 శాతం చూపించింది. మావారేమో ఇరవై కాలేజీలకి వేస్తే ఏదో ఒకటి తగలకపోతుందా అంటున్నారు. మేం హెచ్‌-1బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 అప్రూవ్ అయింది, బాబు మా మీద డిపెండెంట్‌గా హెచ్‌-4. జనవరి 2030కి వాడికి 21 నిండుతాయి. నిజంగా అవకాశం ఎంత? అడ్మిషన్లలో జాతిని చూడకూడదన్న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మనవాళ్లకి సులువైందంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాం. మీ అబ్బాయికి సీటు ఖాయమని చెప్పదగ్గ యూనివర్సిటీలు టెక్సస్‌లోనే ఉన్నాయి, టెక్సస్ ఏ అండ్ ఎం, యూటీ డాలస్. ఆ రెండూ మీ జాబితాలో లేవు. యూటీ ఆస్టిన్‌లో వేరే మేజర్‌కైతే రావచ్చు, రాకపోవచ్చు. కంప్యూటర్ సైన్స్‌కైతే కష్టం. జార్జియా టెక్, ఇల్లినాయ్ కంప్యూటర్ సైన్స్ అంతకన్నా కష్టం. పర్డ్యూ కంప్యూటర్ సైన్స్ ఎవరికీ సేఫ్టీ కాదు. మిగిలిన ఐదూ వస్తే సంతోషం, లెక్క వేసుకునేటప్పుడు మాత్రం సున్నా అనుకోండి.

ఇక ఆ 18 శాతం సంగతి. మీరు ఆ వెబ్‌సైట్‌కి ఇచ్చింది మార్కులు, జీపీఏ, నాలుగు యాక్టివిటీల పేర్లు. ఎంఐటీ మొత్తం అడ్మిట్ రేటే 5 శాతం లోపు. 2025లో చేరిన బ్యాచికి 29 వేల పైచిలుకు అప్లికేషన్లు వస్తే 1,300 పైచిలుకు మందిని తీసుకున్నారు. పైగా సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో లేని వాళ్లందరినీ ఎంఐటీ ఇంటర్నేషనల్ కింద లెక్కేస్తుంది. ఎక్కడ ఉంటున్నారు, ఏ స్కూల్లో చదివారు అన్నది ఆ లెక్కలోకి రాదు. ఫ్రిస్కోలో కిండర్‌గార్టెన్ నుంచి చదివినా హెచ్‌-4 అయితే ఇంటర్నేషనలే. ఆ విభాగంలో అడ్మిట్ అయ్యేది నూటికి సుమారు ఇద్దరు. వీసా గడి లేని వెబ్‌సైట్‌కి ఇది తెలిసే దారి లేదు.

టెక్సస్‌లో మాత్రం ఇదే హెచ్‌-4 పెద్ద అడ్డు కాదు. ఇక్కడ డొమిసైల్ (స్థిర నివాసం) చూపించడానికి అర్హత ఉన్న వీసాల్లో హెచ్‌-4 ఒకటి. రాష్ట్రంలో ఏడాదికి పైగా స్థిరపడి ఉన్నారు కాబట్టి రెసిడెంట్ ఫీజుకి వీలుంటుంది. ర్యాంకు ఆధారంగా వచ్చే ఆటోమేటిక్ అడ్మిషనూ ఉంటుంది. అదే పిల్లాడు, అవే మార్కులు. ఒక క్యూలో నూటికి నూరు, ఇంకో క్యూలో నూటికి ఇద్దరు. అందుకని ఒక్కో కాలేజీకి ముందు తేల్చుకోవాల్సింది వాడు ఏ క్యూలో నిలబడుతున్నాడన్నది. రెసిడెన్సీ, వీసా రీత్యా ఎవరితో పోటీ? ఆ మేజర్‌కి విడిగా గేటు ఉందా? ముందస్తు గడువులో, అంటే ఎర్లీలో వేస్తే ఏమైనా మారుతుందా? ఈ మూడూ తేలాక మార్కులూ ఎస్సేలూ.

మీ ర్యాంకుతో మొదలుపెడదాం. టెక్సస్ చట్టం ప్రకారం క్లాసులో టాప్ 10 శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. 720 మందిలో 10 శాతం అంటే 72. మీవాడు 58, కాబట్టి హాయిగా లోపలే ఉన్నాడు. యూటీ ఆస్టిన్‌కి మినహాయింపు ఉంది. అక్కడ టెక్సస్ విద్యార్థుల సీట్లలో 75 శాతం ఆటోమేటిక్‌గా నిండేలా ఏటా కటాఫ్ ప్రకటిస్తారు. 2026 ఫాల్ అడ్మిషన్లకి దాన్ని 6 శాతం నుంచి 5కి దించారు. 5 శాతం అంటే మీ స్కూల్లో 36వ ర్యాంకు. మీవాడి ఏడాదికి కటాఫ్ ఎంతో కౌన్సెలర్ దగ్గర ఖరారు చేసుకోండి.

58 నుంచి 36కి ఈ ఒక్క సెమిస్టర్‌లో వెళ్లలేడా? కాలిక్యులేటర్ తీసి చూడండి. అప్లికేషన్‌లో వెళ్లేది సాధారణంగా పదకొండో తరగతి ముగిశాక ఇచ్చే ర్యాంకు, అంటే ఆరు సెమిస్టర్ల సగటు. ఐదు అయిపోయాయి. 36వ ర్యాంకు వాడికీ మీవాడికీ వెయిటెడ్ జీపీఏలో తేడా 0.06 మాత్రమే అనుకుందాం. ఒక్క సెమిస్టర్‌లో దాన్ని పూడ్చాలంటే ఇప్పటిదాకా తన సగటు కన్నా 0.36 ఎక్కువ తెచ్చుకోవాలి, అదీ ముందున్న 22 మందీ కదలకుండా కూర్చుంటే. ఇప్పటికే దాదాపు అన్నీ ఏ గ్రేడులు వస్తున్న పిల్లాడికి అంత జాగా ఉండదు. ర్యాంకు కోసం ఇప్పుడు పిల్లాణ్ని నలిపేయకండి. ఉన్నది జారకుండా చూసుకుంటే చాలు.

మేజర్ విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. యూటీ ఆస్టిన్‌లో ఆటోమేటిక్‌గా వచ్చేది యూనివర్సిటీలో సీటు మాత్రమే. కోరిన మేజర్‌కి హామీ లేదు. టాప్ 5 శాతం పిల్లలే కంప్యూటర్ సైన్స్‌కి సీట్లకు మించి క్యూ కడతారు. మీవాడు ఆ వరుసలోనే లేడు, మిగిలిన పాతిక శాతం సీట్ల కోసం ఫైలు మొత్తం చదివించుకునే వరుసలో ఉన్నాడు. 60 శాతం అన్న అంకె ఏ రకంగానూ నిలబడదు. అక్కడే మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఇన్ఫర్మాటిక్స్ లాంటివి నిజంగా ఇష్టమైతే ఆ దారిలో అవకాశం మెరుగు. చేరాక కంప్యూటర్ సైన్స్‌కి మారిపోవచ్చులే అన్న ఆలోచనతో మాత్రం వెళ్లొద్దు. ఆ ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్‌కీ పోటీ విపరీతం.

ఇల్లినాయ్‌దీ అదే తంతు. మొత్తం యూనివర్సిటీ రేటు 40 శాతం చుట్టూ ఉంటే కంప్యూటర్ సైన్స్‌కి పదిమందిలో ఒకరికి కూడా రాదు. పైపై రేటు చూసి పర్లేదనుకునే వాళ్లే ఎక్కువ. జార్జియా టెక్‌లో విభజన రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. జార్జియా పిల్లల్లో సుమారు మూడోవంతుకి సీటొస్తే, బయటివాళ్లలో పదోవంతుకి వస్తే గొప్ప. బర్క్‌లీ సహా యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) అడ్మిషన్‌కి ఎస్‌ఏటీ అసలు చూడవు, కాబట్టి 1510 అక్కడ పనికిరాదు. బయటి రాష్ట్రం వాళ్లకి మామూలు ఫీజు పైన ఏడాదికి మరో 30 వేల డాలర్లకు మించి వడ్డిస్తారు, అవసరాన్ని బట్టి సాయం దాదాపు ఉండదు. ఆ డబ్బు పెట్టడానికి మీరు సిద్ధమా అన్నది అప్లికేషన్‌కి ముందే తేలాలి.

ఏ అండ్ ఎంలో ఇంజినీరింగ్ కాలేజీ పద్ధతి వేరు. యూనివర్సిటీ సీటు ర్యాంకుతో వస్తుంది కానీ ఇంజినీరింగ్ సీటు విడిగా ఇస్తారు, అందుకే అప్లికేషన్ తొందరగా పడేయాలి. మొదటి ఏడాది అందరూ జనరల్ ఇంజినీరింగే. ఆ తర్వాత బ్రాంచి కేటాయిస్తారు. 3.75 జీపీఏ దాటితే కోరిన బ్రాంచి నేరుగా వస్తుంది. దాని కింద ఉంటే కంప్యూటర్ సైన్స్‌కి మళ్లీ పోటీ. మొదటి సెమిస్టర్‌లో ఒక్క సీ గ్రేడు పడితే ఆ గీత దాటడం ఎంత కష్టమో పిల్లాడికి ముందే తెలియాలి. యూటీ డాలస్ మీ ఇంటికి అరగంట దూరం. మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఉదారంగా ఇచ్చే చోటు. ఇంటి పక్కనుందని మనవాళ్లు దాన్ని చిన్నచూపు చూడటం మాకెప్పుడూ అర్థం కాదు.

వెబ్‌సైట్ల శాతాలు కాకుండా అసలు అంకెలు కావాలంటే కాలేజీ పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని వెతకండి. చాలా కాలేజీలు ఏటా ఈ పత్రం పెడతాయి. సీ విభాగం తెరవండి. సీ1లో ఎంతమంది వేశారు, ఎంతమందిని తీసుకున్నారు, ఎంతమంది చేరారు. సీ7లో కోర్సుల కఠినత, ర్యాంకు, ఎస్సే, వ్యక్తిత్వం వగైరాల్లో దేనికి ఎంత ప్రాధాన్యమో గడులు టిక్ చేసి ఉంటాయి. ఎంఐటీ పత్రంలో ‘చాలా ముఖ్యం’ అని టిక్ పడేది వ్యక్తిత్వ లక్షణాలకి. మార్కులు దానికి కింది గడిలో ఉంటాయి. సీ9లో ఎస్‌ఏటీ మార్కులు, పాతిక శాతం వాళ్లకి ఎంత, 75 శాతం వాళ్లకి ఎంత అన్నవి. సీ21లో ఎర్లీ డెసిషన్ (వస్తే చేరి తీరాలన్న ముందస్తు అప్లికేషన్) లెక్కలు. చదివేటప్పుడు రెండు మెలికలు గుర్తుంచుకోండి. మార్కులు ఇవ్వడం ఐచ్ఛికమైన చోట సీ9లో కనిపించేది బాగా వచ్చి పంపినవాళ్ల మార్కులే, ఎంత శాతం మంది పంపారో అక్కడే ఉంటుంది. ఎర్లీ డెసిషన్ రేటు ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం, ముందే మాటయిపోయిన క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు అందులో కలిసి ఉండటం. మీవాడికి ఆ రేటు వర్తించదు. మేజర్ వారీ అంకెలు ఈ పత్రంలో ఉండవు, ఆయా కాలేజీల సైట్లలో వెతుక్కోవాలి.

దీనికన్నా విలువైనది మీ స్కూలు చరిత్ర. నావియాన్సో స్కోయిరో, కాలేజీ అప్లికేషన్ల వివరాలు చూపే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి మీ స్కూల్లో ఉంటుంది. అందులో గత కొన్నేళ్ల పిల్లల జీపీఏ, ఎస్‌ఏటీ చుక్కలు పెట్టి, వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ రంగుల్లో చూపిస్తారు. చుక్క చూసి సంబరపడే ముందు ఆ పిల్లవాడి మేజర్ ఏంటో గ్రాఫ్ చెప్పదని గుర్తుపెట్టుకోండి. చరిత్ర మేజర్‌కి వెళ్లిన అమ్మాయి చుక్కా కంప్యూటర్ సైన్స్ చుక్కా ఒకేలా ఉంటాయి. కౌన్సెలర్ని అడగాల్సింది ఇలా: గత మూడేళ్లలో మన స్కూలు నుంచి యూటీ కంప్యూటర్ సైన్స్‌కి ఎంతమంది వేశారు, ఎంతమందికి వచ్చింది, వాళ్లలో 36 దాటిన ర్యాంకు వాళ్లున్నారా? మీరు పంపే రిపోర్టులో మావాడి కోర్సులకి ‘అత్యంత కఠినం’ అన్న గడి టిక్ చేస్తారా? చేయకపోతే పన్నెండో తరగతిలో ఏం తీసుకోవాలి? ఈ చివరి ప్రశ్న కోర్సులు ఖరారు కాకముందే అడగాలి.

ఇరవై వేస్తే ఒకటి తగులుతుందన్న మీవారి లెక్క పైకి సరిగానే కనిపిస్తుంది. ఒక్కోచోట 5 శాతం అవకాశం ఉందనుకుని పది చోట్ల వేస్తే కనీసం ఒకటైనా వచ్చే అవకాశం 40 శాతమని గణితం చెబుతుంది. కానీ ఆ సూత్రం పనిచేయాలంటే ఒకదానికొకటి సంబంధం ఉండకూడదు. పది చోట్లకీ వెళ్లేది ఒకటే ఫైలు. ఒకచోట పక్కన పెట్టించిన లోపమే మిగతా తొమ్మిది చోట్లా పక్కన పెట్టిస్తుంది. అందుకే రాని పిల్లలకి వరసగా అన్నీ రావు, వచ్చిన పిల్లలకి నాలుగైదు కలిసి వస్తాయి. ఇక శ్రమ చూడండి. ఎంఐటీకి వేరే అప్లికేషన్, దానికి వేరే జవాబులు. యూసీలకి మరోటి, 350 పదాల లోపు నాలుగు జవాబులు. మిగతావాటికి కామన్ యాప్ (చాలా కాలేజీలకి పనికొచ్చే ఒకే అప్లికేషన్) ఎస్సే 650 పదాల లోపు ఒకటి, పైన ఒక్కో కాలేజీకి రెండు మూడు సప్లిమెంట్లు. ఇరవై అంటే యాభై దాకా రచనలు, పన్నెండో తరగతి మొదటి సెమిస్టర్ చదువుతో పాటు. పదో కాలేజీ దాటాక పేర్లు మార్చి అతికించడం మొదలవుతుంది, చదివేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది.

పది, పదకొండు చాలు. ఏ అండ్ ఎం, యూటీ డాలస్ ఖాయం. కలల కాలేజీలు రెండు, కష్టమైనవి మూడు. మీ జాబితాలో అసలు లేనిది మధ్య వరుస. మిన్నెసోటా ట్విన్ సిటీస్, పెన్ స్టేట్, రెన్సలేర్, రోచెస్టర్, అరిజోనా స్టేట్‌లోని బారెట్ ఆనర్స్ లాంటివి చూడండి. వీటిలో నాలుగు ఎంచుకుని కామన్ డేటా సెట్ తీసి, ఖర్చు మీకు సరిపోయేవి ఉంచండి.

ఫైలులో ఇంకా మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎంఐటీలో చేరినవాళ్ల మ్యాథ్స్ మధ్య శ్రేణి 780 నుంచి 800, మీవాడిది 770. జూన్‌లోనో ఆగస్టులోనో ఒక్కసారి మళ్లీ రాయించండి, 1550 చేరితే ఇక ఆపేయండి. ఆ పైన ఒక్కో పది మార్కులకి పెట్టే వారాలు ఎస్సేలకి పెడితే ఎక్కువ ఫలితం.

కామన్ యాప్‌లో యాక్టివిటీలకి పది గళ్లు, ఒక్కో వివరణ 150 అక్షరాలకు మించకూడదు. ‘రోబోటిక్స్ టీమ్ సభ్యుడు, కోడింగ్, టీమ్‌వర్క్, పోటీల్లో పాల్గొన్నాను’ అని రాస్తే చదివినవాళ్లకి ఏమీ తెలియదు. ‘మొదటి 30 సెకన్ల ఆటోనమస్ కోడ్ నాదే, చక్రాల జారుడు సరిచేసే లెక్క రాశాను, ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలకి నేర్పాను’ అంటే ఒక మనిషి కనిపిస్తాడు. అదే పని ఫొటోలతో, వీడియోతో ఎంఐటీ మేకర్ పోర్ట్‌ఫోలియోగా పంపొచ్చు. ఎనిమిదేళ్ల గాత్రానికి మ్యూజిక్ పోర్ట్‌ఫోలియో ఉంది.

డబ్బు కట్టి రాసిన పేపర్ మీద ఆశ పెట్టుకోకండి. అలాంటి ప్రోగ్రామ్‌లు అడ్మిషన్ ఆఫీసులకి కొత్త కాదు. పేపర్లో వాడు స్వయంగా చేసిన భాగం ఏదో చెప్పగలిగితే ఒక గడి ఇవ్వండి, అంతే. పదకొండో తరగతి మధ్యలో పుట్టిన నాన్‌ప్రాఫిట్‌దీ అదే గతి. ఎన్ని లాప్‌టాప్‌లు బాగుచేశాడు, ఎవరికి చేరాయి అన్న అంకె ఉంటే బలం, వెబ్‌సైటూ లోగో మాత్రమే ఉంటే తీసేయడం మేలు. మీరు చివర్న ఒక ముక్కలో చెప్పి వదిలేసిన శనివారం తెలుగు క్లాసు ఆ రెండింటికన్నా మంచిది. ‘ఒత్తులు రాని ఏడేళ్ల పిల్లాడికి ఎలా నేర్పావు’ అని అడిగి చూడండి. వాడు చెప్పే జవాబులో ఎస్సేకి సరుకు దొరకవచ్చు.

సుప్రీంకోర్టు సంగతి. 2023 జూన్ తీర్పు తర్వాత ఎంఐటీ కొత్త బ్యాచిలో ఏషియన్ అమెరికన్ల వాటా 40 నుంచి 47 శాతానికి పెరిగింది. అదే ఏడాది యేల్, ప్రిన్స్‌టన్‌లో తగ్గింది. ఇవన్నీ సిటిజన్లు, గ్రీన్‌కార్డు వాళ్ల లెక్కలు. మీవాడు ఇంటర్నేషనల్ గడిలో ఉన్నాడు కాబట్టి ఈ చర్చ మీ ఇంటికి పెద్దగా సంబంధించదు.

డబ్బు, వీసా కలిపి ఆలోచించాలి. హెచ్‌-4 పిల్లలకి ఫెడరల్ సాయం లేదు. ప్రైవేటు కాలేజీల్లో ఇంటర్నేషనల్ అప్లికెంట్ సాయం అడగడం చాలాచోట్ల అవకాశాన్ని తగ్గిస్తుంది. ఎంఐటీ, హార్వర్డ్ లాంటి కొన్ని మాత్రం దాన్ని పట్టించుకోవు. ప్రైవేటు ఖర్చు ఏడాదికి 90 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఎర్లీ డెసిషన్ అంటే వస్తే చేరి తీరాలన్న ఒప్పందం, కాబట్టి కార్నెగీ మెలన్‌కి అలా వేసేముందు ఆ కాలేజీ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మీ అంకెలు వేయండి. అది ఇంటర్నేషనల్ విద్యార్థులకి వర్తిస్తుందో లేదో కూడా అడగండి.

జనవరి 2030 అంటే కాలేజీ మూడో ఏడాది మధ్య. ఆ లోపు గ్రీన్‌కార్డు రాకపోతే ఎఫ్‌-1కి మారాలి. హెచ్‌-4 మీద ఉన్నన్నాళ్లూ పెయిడ్ ఇంటర్న్‌షిప్ కుదరదు, ఎఫ్‌-1కి మారాకే సీపీటీ, ఓపీటీ అనే పని అనుమతులు. కంప్యూటర్ సైన్స్ పిల్లలకి రెండో ఏడాది వేసవి ఇంటర్న్‌షిప్ ముఖ్యం కాబట్టి కొందరు 21 దాకా ఆగకుండా ముందే మారుతున్నారు. మారితే టెక్సస్‌లో ఇన్‌-స్టేట్ ఫీజు నిలుస్తుందా అన్నది యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుని రాతపూర్వకంగా అడగండి. సీఎస్‌పీఏ (గ్రీన్‌కార్డు ఆలస్యమైనప్పుడు పిల్లల వయసు లెక్కగట్టే చట్టం) కింద వయసు లెక్క ఏమైనా కలిసొస్తుందేమో ఇమిగ్రేషన్ లాయర్ చెప్పాలి.

తేదీలు చూసుకుంటే, స్కూలు మూసేలోపు ఇద్దరు టీచర్లని రికమెండేషన్ అడగాలి. ఒకరు మ్యాథ్సో సైన్సో, ఇంకొకరు ఇంగ్లిషో సోషలో. ఆగస్టు 1న కామన్ యాప్ తెరుచుకుంటుంది. యూటీ ఆస్టిన్ ఎర్లీ యాక్షన్ అక్టోబరు 15, ఎంఐటీ, జార్జియా టెక్, ఇల్లినాయ్, పర్డ్యూలవి నవంబరు 1 చుట్టూ. వీటిలో ఏదీ చేరి తీరాలన్న ఒప్పందం కాదు, అన్నీ కలిపి వేయొచ్చు. ఏ అండ్ ఎంకి డిసెంబరు 1 దాకా గడువున్నా సెప్టెంబర్లోనే పంపేయండి.

ఈలోగా ఈ వసంతంలోనే, క్లాసులు జరుగుతున్న ఒక శుక్రవారం పిల్లాణ్ని ఏ అండ్ ఎం ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్ తీసుకెళ్లండి, మీకు మూడు గంటల పైచిలుకు డ్రైవ్. మీరు టూర్‌లో ఉండండి, వాణ్ని ఇంజినీరింగ్ బిల్డింగ్ దగ్గర వదిలేయండి. రెండో ఏడాది పిల్లలు నలుగురిని పట్టుకుని, మొదటి ఏడాది జీపీఏ ఎంతొచ్చింది, కోరిన బ్రాంచి దొరికిందా అని వాణ్నే అడగమనండి.